పోశెట్టి మేక, ఖాజీ గారి కోర్టు

పాతికేళ్లకు పైగా నేను పొద్దున్నే లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఒమన్‌లో కోర్టుకు వెళ్లాను. నా మీద ఒక్క కేసు కూడా లేదు. ఈ మాట మా ఊళ్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. సెలవు మీద వెళ్లినప్పుడల్లా మా మేనత్త నన్ను పక్కకు పిలిచి, "నిజం జెప్పు బిడ్డా, గంత పెద్ద తప్పు ఏం జేసినవ్? ఇన్నేండ్ల సంది తిప్పుతున్నరు" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. నేను ముద్దాయిని కాదత్తా, దుబాసీని, మనవాళ్లు చెప్పింది ఖాజీ గారికి అరబ్బీలో చెప్తాను, ఆయన అన్నది మనవాళ్లకు తెలుగులో చెప్తాను అని వివరించేవాణ్ణి. అంతా ఓపిగ్గా విని, "అయితే జామీను మీద ఉన్నవన్నట్టు" అనేది.

ఇప్పుడు రిటైరై ఒమన్‌లోనే ఘుబ్రాలో ఉంటున్నాను. మా పై అంతస్తు అమ్మాయి ఇక్కడి ఇండియన్ స్కూల్లోనే చదివింది. అరబ్బీలో డిగ్రీ చేసింది. కోర్టు దుబాసీగా చేరబోతోంది. "అంకుల్, ఏం చదువుకుని వెళ్లమంటారు?" అని మొన్న అడిగింది. చట్టం పుస్తకాలు వాళ్లే చదివిస్తారు. జీతం, ప్రమోషను, సెలవు దరఖాస్తు సంగతులు నన్ను అడగొద్దు, చెప్పబోతే ముందు నాకే నిద్రొస్తుంది. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఖాజీ అంటే ఇక్కడ జడ్జి. ఆయన పక్క కుర్చీలో కూర్చుని ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో ఇంత దగ్గరగా చూసిన తెలుగువాడు ఇంకొకడు ఉన్నాడో లేడో నాకు తెలియదు. అది రాస్తాను.

నాకీ పని ఎలా వచ్చిందంటే, నిజామాబాద్ వైపు మా ఊళ్లో ఉర్దూ బడి పంతులు ఒక్కడే రోజూ బడికి వచ్చేవాడు. అందుకని మా నాన్న నన్ను ఉర్దూ మీడియంలో వేశాడు. ఆ అక్షరాల పుణ్యమా అని ఒమన్‌లో కిరాణా షాపులో పనికి చేరాక అరబ్బీ చదవడం వచ్చింది. మాట్లాడటం మాత్రం గిరాకీలతో గొడవపడి నేర్చుకున్నాను. ఒకసారి నా గొడవ విన్న కోర్టు గుమాస్తా ఒకాయన, "నీకు ఇంత నోరుంది కదా, మా దగ్గరికి రాకూడదూ" అన్నాడు. వెళ్లాను.

మిగతా మాటలు ఎక్కడ దాచావు?

నేను చేరినప్పటి ఖాజీ గారికి ఎంతసేపూ తొందరే. ఒమన్‌లో రైళ్లు లేవు గానీ, ఆయన మాత్రం రోజూ ఏదో రైలు అందుకోవాలన్నట్టే కేసులు నడిపేవారు. ముద్దాయి గొంతు సవరించుకునేలోపు వాయిదా పడేది. నేను నోరు తెరిచేలోపు తర్వాతి కేసు. ఆయన హయాంలో నాకు ఒంట్లో బాగుండేది, బరువు కూడా పెరిగాను. పని మాత్రం ఏమీ రాలేదు.

ఆయన తర్వాత నాసర్ ఖాజీ వచ్చారు. ఏ ఊరి కోర్టో చెప్పను, ఇబ్రి వైపు అనుకోండి చాలు. సన్నటి మనిషి, తెల్లటి తలపాగా, మందపాటి కళ్లద్దాలు, కనుబొమలు రెండూ ఎప్పుడూ దగ్గరికొచ్చి ఉండేవి. చూసినవాడెవడైనా ఈయన నన్ను ఉరి తీయడానికే వచ్చాడనుకునేవాడు. మాట మాత్రం మెత్తన. ముద్దాయిని ముందు ఊరు అడిగేవారు, ఏం పని చేస్తావని అడిగేవారు, పొద్దున ఏమైనా తిన్నావా అని అడిగేవారు. గుమాస్తాలు గడియారం చూసుకునేవారు. నాకూ విసుగ్గానే ఉండేది. ఇదేమైనా పెళ్లిచూపులా అని మనసులో తిట్టుకున్న రోజులున్నాయి.

ఆయన దగ్గర నాకు మొదటి వాత లక్షుమ్మ కేసులో పడింది. లక్షుమ్మ కడప మనిషి, ఒక ఇంట్లో పనికి ఉండేది. చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్లిందని ఆ ఇంటావిడ ఫిర్యాదు చేసింది. ఎందుకు వెళ్లావని ఖాజీ గారు అడిగారు. అంతే, లక్షుమ్మ అందుకుంది. "ఏం సామీ, మనిసినా మిషనా నేను? కూచుంటే లెయ్యమంటాది, లేస్తే ఎందుకు లేసినావంటాది. కూడు నోట్లో పెట్టుకునేటప్పుడే పిలుస్తాది. ఆయమ్మ నోట్లో మన్ను బడ. ఆయమ్మ కూర ఒక్కనాడన్నా తిని చూడండి, మీరే గోడ దూకి పోతారు." ఇంకా చాలా అంది. నేను గౌరవంగా, "పని కొంచెం ఎక్కువగా ఉందంటోంది" అని చెప్పి కూర్చున్నాను.

ఖాజీ గారు నా వైపు తిరిగారు. "ఆమె అంతసేపు మాట్లాడింది. చెయ్యి ఊపింది. ఉమ్మబోయి ఆగింది. నువ్వు నాలుగు మాటలు చెప్పావు. మిగతా మాటలు ఎక్కడ దాచావు?"

చెప్పక తప్పలేదు. మన్ను సంగతీ చెప్పాను, కూర సంగతీ చెప్పాను. ఆ ఇంటావిడ అక్కడే కూర్చుని ఉంది. ఖాజీ గారు కూర దగ్గర ఆపి, "ఇది మళ్లీ చెప్పు" అన్నారు. మళ్లీ చెప్పాను. ఆ ఇంటావిడ ఖాజీ గారి వైపు తిరిగి, "ఇన్నాళ్లూ నా ఎదుట అవునమ్మా, అవునమ్మా అనడం తప్ప ఇంకో మాట అనలేదు. తినేటప్పుడు పిలవొద్దని ఒక్కసారి చెప్తే పిలిచేదాన్నా?" అంది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. లక్షుమ్మ వేరే ఇంట్లో చేరింది. కూర గురించి మాత్రం ఆ ఇంటావిడ ఏమీ అనలేదు.

ఈ పనికి రాబోయే పిల్లలూ, ఇది గుర్తు పెట్టుకోండి. మనకు మర్యాద అనిపించింది కోర్టులో మర్యాద కాదు. వాళ్లు తిడితే తిట్టే చెప్పాలి, గొణిగితే గొణుగుడే చెప్పాలి. మనవైపు నుంచి ఉప్పు వేయకూడదు, వేసిన ఉప్పు తీయకూడదు. ఇది వినడానికి తేలిక. పోశెట్టి కేసులో ఈ నియమం పాటించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఏం తప్పు?

పోశెట్టి జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ. ఇబ్రి దగ్గర ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ క్యాంపులో ఉండేవాడు. మేక దొంగతనం కేసులో కోర్టుకొచ్చాడు. స్టేషన్లోనే తప్పు ఒప్పుకున్నాడని రాసి ఉంది. శిక్ష పడితే కొన్నాళ్లు జైలు, ఆ తర్వాత ఇంటికి పంపేయడం, మళ్లీ రాకుండా పాస్‌పోర్టు మీద ముద్ర.

లోపలికి పిలిచే ముందు వరండాలో అతనితో మాట్లాడాను, భాష తెలుస్తోందో లేదో చూసుకోవడానికి అది మా పద్ధతి. అతని బాధ జైలు గురించి కాదు. బామ్మర్ది రాజేశ్ గురించి. ఇద్దరూ ఒకే సైట్లో పనిచేసేవాళ్లు. రాజేశ్ పరంజా మీద నుంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనై రూమ్‌లో మంచం మీద ఉన్నాడు. అతన్ని ఎత్తి బాత్రూంకు తీసుకెళ్లేదీ, స్నానం పోసేదీ, అన్నం తినిపించేదీ పోశెట్టే. విమానంలో కూర్చోగలిగే స్థితి వచ్చాక ఇద్దర్నీ కలిపి ఇంటికి పంపుతామని కంపెనీ చెప్పింది.

"నన్ను లోపలేస్తే వాణ్ణెవలు లేపుతరు సారూ?" అన్నాడు పోశెట్టి. "ఒక్కన్ని వదిలిపెట్టి పోతె నా పెండ్లాం నన్ను ఇంట్లకు రానిస్తదా? తమ్మున్ని మంచిగ జూస్కుంటనని మాటిచ్చి తోల్కొచ్చిన."

"మరి మేక ఎందుకయ్యా నీకు?" అన్నాను.

"మొక్కుకున్న సారూ. వాడు కింద వడంగనే, పోచమ్మ తల్లీ, వీన్ని బతికిస్తే నీకు యాటనిస్త అని మొక్కిన. బతికిండు."

"ఊరికి పోయినంక ఇయ్యరాదా?"

"కంపెనీ లీవు ఎప్పుడిస్తదో అమ్మకెట్ల జెప్పాలె సారూ? అమ్మ ఆగుతదా?"

ఇంతలో గుమాస్తా పిలిచాడు. లోపలికి వెళ్లాం.

ఫిర్యాది హమూద్ అనే ముసలాయన. చేతిలో కర్ర, ముఖంలో పౌరుషం. మేక ఆయనది, పేరు షమ్మా. కొన్ని వారాల పాటు కనపడలేదు. ఒకరోజు క్యాంపు పక్కగా పికప్‌లో వెళ్తుంటే షమ్మా ఒళ్లంతా పసుపు రాసుకుని, నుదుటిన కుంకుమ పెట్టుకుని, రూముల మధ్య నీడలో కూర్చుని క్యాబేజీ నములుతూ కనిపించిందట. "నా మేకకు రంగు వేశారు" అని ఆయన కర్రతో నేల మీద కొట్టాడు. ఆయన కోపం దొంగతనం మీద ఎంతో, రంగు మీదా అంతే.

ఖాజీ గారు పోశెట్టిని ఊరు అడిగారు, పని అడిగారు, తిన్నావా అని అడిగారు. తర్వాత అసలు ప్రశ్న. "ఈయన మేకను దొంగిలించావా?"

పోశెట్టి రెండు చేతులూ జోడించాడు. "తప్పైంది సారూ."

స్టేషన్లో ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. మా వైపు మనిషి పెద్దవాళ్ల ముందు నిలబడితే మొదటి మాట అదే. పటేల్ ముందైనా, పోలీసు ముందైనా, బ్యాంకు మేనేజర్ ముందైనా ముందు తప్పైంది అనాలి, ఎదుటివాళ్ల వేడి కాస్త చల్లారాలి, ఆ తర్వాత అసలు సంగతి మొదలవ్వాలి. అదొక నమస్కారం లాంటిది. కానీ నేను దుబాసీని, వకీలును కాను. అడక్కుండా వివరణ ఇవ్వకూడదు. "తప్పు జరిగింది అంటున్నాడు" అని అరబ్బీలో చెప్పాను. కొత్తగా వచ్చిన ప్రాసిక్యూటర్ హాయిగా వెనక్కి వాలాడు.

నా మొదటి ఖాజీ గారైతే అక్కడితో కేసు అయిపోయేది. నాసర్ ఖాజీ కలం ఎత్తలేదు. "ఏం తప్పు?" అన్నారు.

పోశెట్టి నా వైపు చూశాడు. "ఏం తప్పు అంటున్నడా సారూ? నాకేమెరుక? సారు అంత కోపంగ జూస్తున్నడు, ఏదో ఒకటి అయ్యే ఉంటది గదా."

ఉన్నదున్నట్టు చెప్పాను. ఖాజీ గారు కాసేపు ఆలోచించి, "నేను కోపంగా లేను. నా ముఖమే అంత అని చెప్పు" అన్నారు.

"సారు కోపంగ లేడంట. ముఖమే అంతనట" అని చెప్పాను.

పోశెట్టి ఊపిరి పీల్చుకున్నాడు. "గట్లనా. అయితే నేనేం తప్పు జెయ్యలే సారూ. దాన్ని కొన్న."

ప్రాసిక్యూటర్ లేచి నిలబడ్డాడు. స్టేషన్లో ఒకమాట, ఇక్కడ ఒకమాట, ఈ నిమిషంలో ఇంకోమాట అన్నాడు. ఖాజీ గారు నన్ను అడిగారు, ఇది మీ దగ్గర ఆచారమా అని. అడిగారు కాబట్టి చెప్పాను. "అవునండి. పెద్దల ముందు మేం ముందు తప్పు ఒప్పుకుంటాం, తర్వాత కారణం వెతుక్కుంటాం. పెళ్లయిన నాటి నుంచి మా ఆవిడతో నేను రోజూ అంటున్నాను, ఏ తప్పో నాకు ఇప్పటికీ తెలియదు." ఖాజీ గారికి హఠాత్తుగా దగ్గొచ్చింది. మంచినీళ్లు తాగాక, రెండో మాట రాసుకోండని గుమాస్తాకు చెప్పారు.

మేక చెప్పింది

పోశెట్టి చెప్పిన ప్రకారం, తోట పనిచేసే ఒక మనిషి దగ్గర క్యాంపువాళ్లంతా కలిసి మేకను కొన్నారు. ఆ మనిషి ఆ తర్వాత పని వదిలి ఎటో వెళ్లిపోయాడు, దొరకలేదు. కాబట్టి కొన్నామనడానికి వీళ్ల నోటిమాట తప్ప ఆధారం లేదు. ఖాజీ గారు అడిగారు. "కొన్నది కోసుకోవడానికి కదా. మరి ఇన్ని వారాలు ఎందుకు ఉంచుకున్నారు?"

"అది ఒళ్లు దులపలే సారూ."

ఇది అందరికీ తెలియకపోవచ్చు. మా వైపు అమ్మవారికి యాటను ఇచ్చే ముందు దాని మీద పసుపునీళ్లు పోస్తారు. అది తల నుంచి తోక దాకా ఒళ్లు దులపాలి. దులిపితే అమ్మ ఒప్పుకున్నట్టు. దులిపేదాకా ఎవరూ కత్తి ముట్టరు. ఊళ్లో అయితే చెంబెడు చన్నీళ్లు పడగానే ఏ యాటైనా దులుపుతుంది, అక్కడితో అనుమానం తీరిపోతుంది. ఇక్కడ ఎండాకాలం శుక్రవారం పొద్దున, క్యాంపు వెనక, ఈ మేక మీద బకెట్లకు బకెట్లు పోశారు. అది కదలకుండా నిలబడింది. కళ్లు మూసుకుంది. వేపమండలు తినేసింది. వీళ్లు ఎండలో వాడిపోయారు గానీ, మేక మాత్రం తలంటు పోసుకున్నంత సుఖంగా ఉంది.

"అప్పుడు మాకు సమజైంది సారూ" అన్నాడు పోశెట్టి. "ఇది మనది గాదు, ఎవల్దో. వేరేటోళ్ల జీవాన్ని తెస్తే అమ్మ ఒప్పుకోలే."

ఇంతకంటే చెడ్డ మాట అతను చెప్పడానికి లేదు. మేక వేరేవాళ్లదని తెలుసు అని తనే అంటున్నాడు. ఆ మాటను కొంచెం నానబెట్టి, మెత్తబరిచి చెబుదామా అని ప్రాణం కొట్టుకుంది. లక్షుమ్మ కూర గుర్తొచ్చి ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

"తెలుసు" అన్నాడు ప్రాసిక్యూటర్. "దొంగసొత్తని తెలుసు. తనే ఒప్పుకున్నాడు."

"ఎవరు చెప్పారు నీకు?" అన్నారు ఖాజీ గారు పోశెట్టితో.

"మేకనే జెప్పింది సారూ."

"మేక చెప్పిందంటున్నాడు" అన్నాను. నా ఉద్యోగ జీవితంలో ప్రమాణం చేసి మరీ ఇలాంటి మాట చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు.

ఖాజీ గారి ముఖంలో గీత కదల్లేదు. "అతని నమ్మకం నిజమా కాదా అన్నది ఈ కేసులో లేదు" అన్నారు ప్రాసిక్యూటర్‌తో. పోశెట్టి వైపు తిరిగి, "తెలిశాక ఏం చేశావు?" అన్నారు.

"మేతేసిన సారూ. షాపు సేటుకు జెప్పిన, ఎవలన్న మేక కోసం అడిగితే మా రూమ్‌కు తోలుమని."

క్యాంపు దగ్గర షాపు నడిపే మలయాళీ సేటు సాక్షిగా వచ్చి, షాపు మూసి రావాల్సి వచ్చినందుకు పొద్దుటి నుంచీ సణుగుతున్నాడు. అరబ్బీ బాగానే వచ్చు. "చెప్పాడండి. ఒకసారి కాదు, వచ్చినప్పుడల్లా ఇదే పాట. తలనొప్పి అయిపోయింది. ప్రతిసారీ మేకకని ఒక క్యాబేజీ తీసుకెళ్లేవాడు, నేను నా పెళ్లానికి అంత మర్యాదగా కూరగాయలు తీసుకెళ్లను" అన్నాడు. ఇంక నన్ను వదిలేస్తారా, గిరాకీ టైం అన్నాడు. వదిలేశారు.

ఖాజీ గారు మొదటిసారి తన చేత్తో ఏదో రాసుకున్నారు.

బకెట్ నీళ్లు

కానీ హమూద్ తాత చల్లబడలేదు. అసలు ఆ మేక ఆయనదే అనడానికి గుర్తేమిటని కోర్టు అడగాలి కదా, అడిగింది. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా మేకను నేను ఎరగనా, ఈ వయసులో ఒక మేక కోసం అబద్ధమాడతానా అన్నాడు. తర్వాత కర్ర పైకెత్తి, "ఈ మనిషి చెప్పిందే గుర్తు" అన్నాడు. "నా షమ్మా పుట్టిన నాటి నుంచీ అంతే. కాలువలో ముంచినా ఒళ్లు దులపదు. మొండిది. నీళ్లు పోసి చూడండి. దులిపితే అది నాది కాదు."

కేసు తేలేదాకా మేకను ఆయన దగ్గరే ఉంచారు, ఆ రోజు పికప్‌లో తెచ్చాడు కూడా. ఖాజీ గారు ఒక క్షణం ఆలోచించి, "అందరూ ఆవరణలోకి పదండి" అన్నారు.

నాకు లెక్క వెంటనే తేలిపోయింది. మేక దులిపితే అది ముసలాయనది కాదు. ఆయనది కాకపోతే దొంగతనమే లేదు. పోశెట్టి సాయంత్రానికి బామ్మర్ది పక్కన ఉంటాడు. దులపకపోతే, ముసలాయన మేక పోశెట్టి దగ్గర దొరికినట్టే. ఈ లెక్క పోశెట్టికి కూడా చెవిలో చెప్పాలనిపించింది. చెప్పకూడదు.

ఖాజీ గారే అతన్ని అడిగారు. "మేక ఒళ్లు దులిపితే అది ఈయనది కాదని తేలుతుంది. నీకు మేలు. అర్థమైందా?"

తెలుగులో చెప్పాను. పోశెట్టి మేక వైపు చూశాడు, ముసలాయన వైపు చూశాడు. "దులపది సారూ" అన్నాడు. "అది తాతదే. పొద్దుగాల పికప్‌లకెళ్లి దిగంగనే తాత దగ్గరికి ఎట్ల ఉరికిందో జూసిన. నీళ్లు పొయ్యుడెందుకు, పానం తీసుడు దాన్ని."

నేను ఆ మాటలు అరబ్బీలో ఉన్నవున్నట్టే చెప్పాను. ఒరే మూర్ఖుడా, నీ మెడకు నువ్వే తాడేసుకుంటున్నావు కదరా అని లోపల ఏడుస్తున్నాను. హమూద్ తాత కర్ర దించాడు. పోశెట్టి ముఖంలోకి మొదటిసారి సరిగ్గా చూశాడు.

అయినా పరీక్ష ఆగలేదు. కాపలా పోలీసు బకెట్ తెచ్చాడు. పైన ఎండలో ఉన్న ట్యాంకు కుళాయి నుంచి పట్టుకు రమ్మని ఖాజీ గారు వేలు పెట్టి చూపించారు. షమ్మా మధ్యలో నిలబడింది. చుట్టూ ఖాజీ, ప్రాసిక్యూటర్, గుమాస్తాలు, వేరే కేసుల మీద వచ్చి పని మానుకుని నిలబడ్డ జనం. జీవితంలో మొదటిసారి నేను ఒక మేకకు మొక్కుకున్నాను. దులుపు తల్లీ, ఒక్కసారి దులుపు, నీకు క్యాబేజీలు తెచ్చిపెడతాను అన్నాను.

నీళ్లు పోశారు. షమ్మా కళ్లు మూసుకుంది. ఇంకో బకెట్ పోశారు. మెడ చాచి హమూద్ తాత తలగుడ్డ అంచు అందుకుని నమలడం మొదలుపెట్టింది. ఒంటి మీద మాత్రం ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు.

"చూశారా" అన్నాడు ముసలాయన.

లోపలికి వచ్చాక ఖాజీ గారు తీర్పు చెప్పారు. మేక హమూద్‌ది. దాన్ని పోశెట్టి దొంగిలించలేదు, అమ్మే హక్కు లేనివాడి దగ్గర కొని మోసపోయాడు. దొంగ ఎవడూ దొంగసొత్తుకు క్యాబేజీ పెట్టి, యజమాని కోసం షాపులో కబురు చెప్పడు. తనకు నష్టమని తెలిసి కూడా ఫిర్యాది మాటే నిజమన్నవాణ్ణి అబద్ధాలకోరు అనలేను. ముద్దాయి నిర్దోషి. ఫిర్యాదికి ఇంకేమైనా చెప్పాలని ఉందా?

హమూద్ తాత లేచాడు. "షమ్మా వాళ్ల దగ్గర లావెక్కింది" అన్నాడు.

"అది ఫిర్యాదా?"

"కాదు" అని కూర్చున్నాడు.

తీర్పు తెలుగులో చెప్పేటప్పుడు మధ్యలో ఆగిపోయాను. పోశెట్టి అప్పటికే ఏడుస్తున్నాడు. "వాడు పొద్దటి సంది ఏం తినలే సారూ, నేను పోయి పెట్టాలె" అన్నాడు. అదీ అరబ్బీలో చెప్పాను. వెళ్లమన్నారు.

ఆయన గదిలో, ఆ తర్వాత మెట్ల మీద

ఆ కేసు అవగానే, నమాజుకు ముందు దొరికిన కాసేపట్లో, గదిలో ఖాజీ గారు నాకు కూడా గిన్నెలో కహ్వా, అంటే ఇక్కడి కాఫీ, పోశారు. ఉండబట్టలేక అడిగేశాను. మేక ఒకవేళ దులిపి ఉంటే ఏం చేసేవారని.

"పోశెట్టిని వదలాలని షాపతను మాట్లాడినప్పుడే నిశ్చయమైంది" అన్నారు. "మేక హమూద్‌దని అది పికప్ దిగి ఎవరి దగ్గరికి పరిగెత్తిందో చూసినప్పుడే తెలిసింది. కిటికీలోంచి నేనూ చూశాను. నువ్వు మాటలు వింటావు కాబట్టి చూసి ఉండవు."

"మరి నీళ్లెందుకండి?"

"హమూద్ కోసం. తను దొంగ అన్న మనిషి నిర్దోషి అయ్యాక ఆయన ఇంటికి వెళ్లాలి. ఊళ్లో నలుగురికీ చెప్పుకోవాలి. తన మాట కోర్టు నమ్మలేదని జీవితాంతం కుమిలిపోతాడు. తన మాట కూడా నిజమేనని అందరి ముందూ తేలితే ఆ బాధ ఉండదు. ఓడినవాడు ఎలా వెళ్తున్నాడో చూడాలయ్యా. గెలిచినవాడు ఎలాగైనా వెళ్తాడు."

"అయినా దులిపి ఉంటే?"

ఆయన గిన్నె కింద పెట్టారు. "మా నాన్నకు మేకలుండేవి. వెచ్చటి నీళ్లకు ఏ మేకా దులపదు. ఆ ట్యాంకు కుళాయి కింద ఈ నెలలో నువ్వు చెయ్యి పెట్టగలవా?"

నేను కళ్లు తేలేశాను. పాపం క్యాంపువాళ్లు అన్ని వారాలూ పోచమ్మ కోపమని బెంగపడ్డారు. వాళ్ల ట్యాంకూ రేకుల మీదే ఉంటుంది.

ఖాజీ గారు నమాజుకు బయల్దేరారు. నేను వెనకే వచ్చాను. మెట్ల కింద గోడ నీడలో షమ్మాను కట్టేసి, హమూద్ తాత పికప్‌ను దగ్గరికి తెచ్చి నిలబెట్టాడు. విడుదల కాగితాల మీద అప్పుడే సంతకాలు ముగించిన పోశెట్టి, వెళ్లబోతూ మేకకు చివరిసారి నమస్కారం పెడుతున్నాడు. ఆ గోడ పైన కోర్టు ఏసీ పైపు ఉంది. దాంట్లోంచి చన్నీటి చుక్క ఒకటి జారి సరిగ్గా షమ్మా చెవిలో పడింది.

షమ్మా దులిపింది. చెవులు టపటప కొట్టుకుంటూ, తల నుంచి తోక దాకా, ఇంకా ఆరని నీళ్లు మా అందరి బట్టల మీదా పడేలా దులిపింది.

పోశెట్టి చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి. "ఒప్పుకున్నది" అన్నాడు మెల్లగా. "తల్లి ఒప్పుకున్నది సారూ. ఇగ రాజేశ్ నడుస్తడు." కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, నవ్వుతున్నాడు కూడా. హమూద్ తాత మేకను చూశాడు. దులిపితే నాది కాదని అందరి ముందూ అన్న మనిషి ఆయనే. మెల్లగా తల తిప్పి మెట్ల మీదున్న ఖాజీ గారిని చూశాడు.

ఖాజీ గారు కళ్లద్దాలు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. కళ్లద్దాలు లేకుండా ఆయనకు తన చెయ్యి తనకే కనపడదు. గోడ పట్టుకుని తడుముకుంటూ, ఒక్కో మెట్టూ దిగి, మేకను ఆనుకున్నంత దగ్గరగా దాటి, మసీదు వైపు వెళ్లిపోయారు.

ముసలాయన తాడు విప్పి షమ్మాను ఎత్తి పికప్ వెనకాల పడేశాడు. తలుపు తీసి పోశెట్టి వీపు మీద ఒక్కటి చరిచాడు.

"ఎక్కు, నీ రూమ్ దగ్గర దింపుతాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకోకముందే ఎక్కు" అన్నాడు అరబ్బీలో.

దాన్ని తెలుగులో చెప్పే పని నాకు పడలేదు. పోశెట్టి అప్పటికే ఎక్కి కూర్చున్నాడు.